ఒక్క బెల్లు

మా బస్సుకు స్పీడ్ లాకు ఉండేది. ఎంత తొక్కినా ముల్లు ఒక గీత దాటదు. కదిరి డిపోలో ఆ లాకు ఎలా తప్పించాలో తెలియని డ్రైవరు లేడు. ఒక వైరు పీకి పక్కన పెడితే చాలు, డొక్కు బండి కూడా కట్టు విప్పిన కోడెలాగా ఉరుకుతుంది. నేను మాత్రం సర్వీసంతా దాని జోలికి పోలేదు. బుద్ధిమంతుణ్ణని కాదు. నా బండికి కండక్టరు నా పెళ్లామే.

"ఆ లాకు మీద చెయ్యేసినావంటే, ఈసారి బెల్లు తాడు లాగను డ్రైవరూ, నీ నెత్తి మీదనే కొడతా" అనేది కుళ్లాయమ్మ.

ఆ మాట అనడానికి ఆమెకు నోరు లేకుండా పోయాక, నేను ఇంకో లాకు తీశాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కుళ్లాయమ్మ నోరు మంచిదేమీ కాదు, అయినా ఊళ్లన్నీ ఆమెను ఇష్టపడ్డాయి. తనకల్లు దగ్గర ఒకాయన కొడుకును ఎక్కించి, వీడికింకా ఐదేళ్లు నిండలేదు, టికెట్టు వద్దన్నాడు. "నిండలేదంటాండావు, నీ కొడుకేమో నన్ను చూసి మీసం దువ్వుతాండాడు" అంది. బస్సంతా నవ్వింది. ఆ కొడుకూ నవ్వాడు. వాళ్ల నాయనా టికెట్టు తీసుకుంటూ నవ్వాడు. అడగడం ఎంత వడిగా ఉంటే జవాబు అంతకంటే వడిగా పడేది ఆమె దగ్గర. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఉన్నవన్నీ మా ఇద్దరి మాటలే, అందులో ముప్పాతిక ఆమెవి.

బండి నడిచేటప్పుడు మాత్రం మాకు మాటలు లేవు. వెనక నుంచి నా తల పక్కన గంట దాకా ఒక తాడు ఉండేది. ఒక్క బెల్లు కొడితే ఆపాలి. రెండు కొడితే పోవాలి. ఎందుకు ఆపాలి అని డ్రైవరు అడగకూడదు, ముందు ఆపాలి. ఎవరి కాలు మెట్టు మీద ఉందో కండక్టరుకు తెలుస్తుంది, నాకు తెలియదు కదా. ఆమె కొట్టిన ఒక్క బెల్లును దాటించి నేను ఏనాడూ బండి నడపలేదు. డిపోలో అందరికీ ఈ గొప్ప చెప్పుకునేవాణ్ణి.

నిరుడు వానాకాలంలో పక్షవాతమొచ్చి వంటింట్లో పడిపోయింది. కుడి పక్క పూర్తిగా పోయింది, ఎడమ పక్క సగం పోయింది, నాలుక పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. జవాబు లోపల తయారవుతుంది. బయటికి రాదు. ఆ కళ్లలో జవాబు కనిపిస్తూ ఉంటే నాకు ఏడుపొచ్చేది.

బెంగుళూరు పెద్దాసుపత్రిలో పలుకుపెట్టె అని కొత్తగా వచ్చిందంటే, తీసుకుపోయాను. తల ఎముక కింద దోమతెర ముక్కలాంటి చిన్న జాలీ పెట్టారు. చెవి వెనక నుంచి సన్నటి వైరు వస్తుంది. ఆ వైరు టిఫిన్ క్యారియరంత పెట్టెలోకి పోతుంది. మనిషి నాలుకకు పంపాలనుకున్న మాటను అది దారిలోనే పట్టుకుని చదివి, బయటికి పలుకుతుంది. గొంతు కూడా ఆమెదే. ఫోన్లలో ఉన్న పాత వీడియోలన్నీ ఏరి ఆ గొంతు తయారు చేశారు. మొదటిసారి పెట్టెలో నుంచి "డ్రైవరూ" అని వినపడినప్పుడు నేను ఆసుపత్రి అని కూడా చూడకుండా ఏడ్చాను.

అయితే చాలా నిదానం. ఆమె ఒక మాట అనుకున్నాక, పెట్టెలో ఫ్యాను గిర్రున తిరిగి, మనం ఇంకో పనిలో పడిపోయాక ఆ మాట వచ్చేది. అక్కడి ఇంజనీరమ్మ చెప్పింది.

"ప్రతి మాటనూ ఇది రెండుసార్లు చదువుతుందండీ. రెండూ ఒకటైతేనే పలుకుతుంది. కాకపోతే మాట్లాడకుండా ఊరుకుంటుంది. తప్పు చెప్పడం కంటే ఊరుకోవడం మేలని అలా పెట్టాం."

ఇంటికొచ్చాక తెలిసింది ఆ నిదానం ఏమిటో. ఉప్మాలో ఉప్పు ఎక్కువైందా అని అడిగితే, నేను ప్లేటు కడిగి బోర్లించాక "నీ తెలివి కంటే ఎక్కువే" అని వచ్చేది. మాట ఆమెదే, దెబ్బ ఆమెదే, కానీ నవ్వాల్సిన సమయం దాటిపోయేది. చూడవచ్చినవాళ్లు ఎలా ఉన్నావమ్మా అని అడిగి, కాసేపు చూసి, ఎవరో చనిపోయిన సంగతి మొదలుపెట్టేవాళ్లు. సరిగ్గా అప్పుడు పెట్టె "బ్రహ్మాండంగా ఉండా" అనేది. వాళ్లు ముఖాలు చూసుకునేవాళ్లు. మెల్లగా రావడం మానేశారు. ఆమె కూడా మాట్లాడటం తగ్గించింది. రోజుకు నాలుగు మాటలు, అవీ నీళ్లు, మాత్ర, ఫ్యాను, దుప్పటి. నాకు భరించలేని సంగతి అదొక్కటే.

బస్టాండు వెనక మస్తాన్‌వలి అని గేములాడే కుర్రాళ్లకు కంప్యూటర్లు కట్టిచ్చే మనిషి ఉన్నాడు. పెట్టె ఫొటోలు తీసుకుపోయి చూపించాను. అతను జూమ్ చేసి చూసి, ఇందులో ఉన్నది మేం వాడే చిప్పే అన్నాడు.

"ఇది రెండింతల స్పీడు పోతాది అన్నా. కంపెనీ వాళ్లు కట్టేసినారు."

"విప్పొచ్చా?"

"విప్పొచ్చు. ఓవర్‌క్లాకింగ్ అంటారు. క్లాక్ పెంచితే లెక్కలు వడిగా చేస్తాది. కానీ నేను చెయ్యను. నా దగ్గరికొచ్చే పిల్లోళ్లకు తేడా వస్తే గేము పోతాది, అంతే. దీని వెనక మనిషి ఉండాది."

అతను చెయ్యనన్నాడు కానీ నన్ను చెయ్యొద్దని గట్టిగా అనలేదు. అనుంటే వినేవాణ్ణా అంటే, విననని అతనికి తెలుసు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇంటికొచ్చి పెట్టెకు టీవీ తగిలించి, కీబోర్డు తగిలించి, యూట్యూబులో ఎవడో హిందీలో చెబుతుంటే చూస్తూ, సెట్టింగుల్లో లాకు తీసి క్లాక్ అని ఉన్నచోట ఒక్కసారే బాగా పెంచాను. పక్కనే మెమరీ స్పీడు అని కనపడితే అదీ పెంచాను. యాక్సిలేటరు తొక్కేవాడు సగం తొక్కి ఆపుతాడా?

"ఏమే, ఎట్లుంది ఇప్పుడు?" అన్నాను.

"నా... నా... నా... నా... నా..." అంది పెట్టె. ఆగలేదు. ఆమె గొంతే, ఒకటే అక్షరం, ఒకే తీరుగా. మంచం మీద కుళ్లాయమ్మ కళ్లు పెద్దవయ్యాయి. ఆ నోరు ఆమెది కాకుండా పోవడాన్ని ఆమె వింటోంది. నేను ప్లగ్గు పీకేశాను.

"హ్యాంగైంది" అన్నాడు మస్తాన్ ఫోనులో. "అన్నీ పాత చోటికి తీసుకురా. రెండూ కలిపి పెంచితే తప్పు దేంట్లో ఉండాదో ఎట్ల తెలుస్తాది? ఒకసారికి ఒకటే ముట్టుకో. కొంచెం పెంచు, చూడు. నిలబడకుంటే ఓల్టేజి రవ్వంత పెంచు. ఓల్టేజి పెంచితే వేడెక్కుతాది, వేడి చూసుకో. నిలబడిందనుకున్నాక, లెక్కలు సరిగ్గా చేస్తాందా అని చూసే టెస్టు పెట్టు. ఒక పగలూ ఒక రేయీ టెస్టు ఆడల్ల. ఆగకుండా పోతాంటే బాగుండాదని అనుకోవద్దు. హ్యాంగ్ కాకపోవడం వేరే, సరిగ్గా ఉండటం వేరే."

ఆ చివరి మాట నేను విన్నాను. వినలేదని అబద్ధం చెప్పను. విని, తలకెక్కించుకోలేదు. ఇంజను ఆగకపోతే బండి బాగున్నట్టే అని ముప్పై ఏళ్లు నమ్మినవాణ్ణి.

చెప్పినట్టే మెమరీని దాని చోట ఉంచి, క్లాక్ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాను. ఒక చోట స్క్రీను నల్లబడింది, ఓల్టేజి పెంచాను. నిలబడింది, కానీ పెట్టె మీద చెయ్యి పెట్టలేనంత వేడి. మా అనంతపురం వైపు ఎండల సంగతి చెప్పేదేముంది. పగలు గోడలే కాలుతుంటాయి. టేబుల్ ఫ్యాను పెట్టాను. చాలలేదు. కుళ్లాయమ్మ మంచం పక్కన ఉన్న కూలరును జరిపి పెట్టె వైపు తిప్పాను. ఆమె నుదుటి మీద చెమట పట్టింది, గుడ్డతో తుడిచాను. "రెండు దినాలు ఓర్చుకో, నీ నోరు నీకు తెప్పిస్తా" అన్నాను.

మళ్లీ హ్యాంగు. ఒక మెట్టు కిందికి. మళ్లీ ఓల్టేజి. పెట్టె నడిచేటప్పుడు ఫ్యాను చప్పుడు విని ఎక్కడ ఇబ్బంది పడుతోందో పసిగట్టడం నేర్చుకున్నాను. చివరికి ఒక చోట నిలబడింది. పొద్దంతా చూశాను, ఆగలేదు, నల్లబడలేదు, ఏ అక్షరం దగ్గరా ఇరుక్కోలేదు.

ఇక మిగిలింది టెస్టు. టెస్టు పెట్టాలంటే ఆమె వైరు తీసేయాలి. పగలూ రేయీ ఆమె మూగగా ఉండాలి. వైరు తీసేసరికి ఆమె ముఖం పెట్టిన తీరు నేను చూడలేకపోయాను. తిరిగి తగిలించేశాను. ఇంత బాగా పోతుంటే టెస్టెందుకు అనుకున్నాను.

"కాఫీ పెట్టనా?" అన్నాను.

"పెట్టు, కానీ కాఫీ పొడి కూడా వెయ్యి ఈసారి" అంది పెట్టె వెంటనే.

నేను వంటింటి గడప మీద కూర్చుని నవ్వాను, ఏడ్చాను, మళ్లీ నవ్వాను. నా కండక్టరు తిరిగొచ్చింది.

ఆ తర్వాత ఇల్లు కళకళలాడింది. మాట అనడం ఆలస్యం, జవాబు సిద్ధం. ఎదురింటివాళ్లు వచ్చారు, డిపోలో పాతవాళ్లు వచ్చారు, కుర్చీలు చాలక చాప వేశాను. నేను పాత రోజుల కథలెత్తితే పెట్టె అందుకునేది. నేను సగం చెబితే మిగతా సగం తను పూర్తి చేసేది. ఒక్కోసారి ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి. సంతోషం అనుకున్నాను. మొహం గోడ వైపు తిప్పుకుంటే అలసట అనుకున్నాను.

అప్పుడే ఆ చప్పుడు మొదలైంది. ఆమె ఎడమ చేతిలో రెండు వేళ్లు ఆడతాయి. చూపుడు వేలికి రాగి ఉంగరం ఉంది. ఆ వేలు మంచం ఇనుప పట్టీకి తగిలి టక్‌మనేది. కాసేపాగి మళ్లీ టక్. మనుషులొచ్చినప్పుడు ఇంకా ఎక్కువ. నరాలు కోలుకునేటప్పుడు అలా అదురుతాయని ఎవరో చెప్పారు. వేలు వాచిపోతుందని నేనే ఒక పాత టవలు తెచ్చి ఆ పట్టీకి చుట్టి దారంతో కట్టాను. చప్పుడు ఆగింది.

బెంగుళూరు డాక్టరు వీడియో కాల్ చేశాడు. ఇంకో జాలీ లోతుగా పెడితే కుడి చెయ్యి లేవొచ్చు, మాట ఇంకా మెరుగుపడొచ్చు. పని చెయ్యకపోతే మాత్రం ఇప్పుడున్న మాట కూడా పోవచ్చు, పెట్టె కూడా ఆమెను చదవలేకపోవచ్చు. పెద్ద ఆపరేషను. నాకు చేయించాలని ఉంది. చెయ్యి లేస్తే, కాలు లేస్తే, మళ్లీ మనిషి నడిస్తే అని వారం రోజులుగా ఇంట్లో అదే జపం. ధైర్యంగా ఉండు, ధైర్యంగా ఉండు అని ఆమెకు పూటకోసారి చెబుతున్నాను.

"మీరు చెబితే చాలదు. ఆమె చెప్పాలి" అన్నాడు డాక్టరు, వారానికి మళ్లీ కాల్ చేసి.

ఫోను ఆమె ముందు పెట్టాను.

"నాకు ధైర్యంగా ఉంది. చేయించండి" అంది పెట్టె, తడుముకోకుండా.

డాక్టరు సంతోషించాడు. గురువారం పొద్దున్నే రమ్మన్నాడు. కారు మాట్లాడాను. సాయానికి ఆమె చెల్లెలు గంగరత్న పెనుకొండ నుంచి వచ్చింది. అంగన్వాడీ టీచరు, తనకూ నోరు తక్కువేమీ కాదు. అక్కతో ఒక పూటంతా కబుర్లు చెప్పి, నేను బియ్యం కడుగుతుంటే వంటింట్లోకి వచ్చింది.

"బావా, మా అక్క ఇంత మంచిదెప్పుడైంది?"

"అంటే?"

"నేనేమంటే దానికి సరే అంటాంది. నా మొగునితో కొట్లాడి వచ్చినానంటే, పాపం ఓర్చుకో అనింది. మా అక్కైతే, ముందు నువ్వేమన్నావో చెప్పు అనేది. జబ్బు చేసి మెత్తబడిందా?"

"మనిషి చావు దాకా పోయొచ్చింది. మెత్తబడదా?" అన్నాను విసురుగా. గంగరత్న తిరిగి అక్క దగ్గరికి పోయింది. నాకెందుకంత కోపం వచ్చిందో అప్పుడు నాకే తెలియలేదు.

మంగళవారం మధ్యాహ్నం గంగరత్న ఆపరేషనుకు మొక్కుకోవడానికి గుడికి పోయింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. నేను బట్టలు సర్దుతూ, అలవాటు కొద్దీ నాలో నేనే గొణుక్కున్నాను.

"ఈ నీలం చీర పెట్టనా, పచ్చది పెట్టనా?"

"నీలమే పెట్టు, నీకిష్టం కదా" అంది పెట్టె.

నవ్వుకుంటూ మంచం వైపు తిరిగాను. కుళ్లాయమ్మ నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. సన్నగా గురక వస్తోంది.

చేతిలో చీర అలాగే ఉంది. మెల్లగా అన్నాను.

"కండక్టరూ. మేలుకున్నావా?"

"మేలుకునే ఉండా డ్రైవరూ" అంది పెట్టె ఉత్సాహంగా. మంచం మీద గురక ఆగలేదు.

మస్తాన్ స్కూటరు మీద వచ్చాడు. చెప్పింది విని, ఆమె నిద్రలో ఉండగానే వైరు తీసి, పెట్టెకు టెస్టు పెట్టాడు. టీవీ మీద అంకెలు పరుగెత్తాయి. పగలూ రేయీ పట్టనేలేదు. నేను టీ పెట్టి తెచ్చేలోగా స్క్రీను నిండా ఎర్ర గీతలు పడ్డాయి.

"ఇవన్నీ తప్పులా?"

"అన్నీ తప్పులే."

"హ్యాంగ్ కాలేదు కదా మస్తాన్. ఒక్కసారి కూడా ఆగలేదు."

"ఆగుంటే బాగుండేది అన్నా. ఆగితే తప్పని మనకు తెలుస్తాది. ఇది తప్పు లెక్క చేసుకుంటానే నడిచిపోయింది." టీ ముట్టకుండా గ్లాసు కింద పెట్టాడు. "దీంట్లో ఇంకో సంగతి ఉండాది. ఆమె అన్నది అన్నమా సున్నమా అని అనుమానమొస్తే ఊహించేదానికి ఒక చిన్న ప్రోగ్రాము పెట్టినారు. ఇంట్లో మాట్లాడుకునేదంతా వింటా, ఈ ఇంట్లో ఇప్పుడు ఏ మాట వస్తాదో అది నేర్చుకుంటాది. లెక్కలు తప్పిపోయి, రెండుసార్లు చదివేది ఎప్పటికీ ఒకటి కావడంలేదు. కంపెనీ లాకుంటే అప్పుడు ఊరుకోవల్ల. స్పీడు లాకుతో పాటు ఆ లాకు కూడా నువ్వు తీసినావు. అందుకని ఊహించేదే మొత్తం మాట్లాడతాంది."

"ఎవరి మాటలు చూసి ఊహిస్తాది?"

ఇంట్లో ఎవరి మాటలున్నాయి? నావే. నేను చెప్పిన కథలు, నేను వేసిన జోకులు, నేను చెప్పిన ధైర్యం. ఇన్నాళ్లూ నేను నా పెళ్లాం గొంతుతో నాతోనే మాట్లాడుకుంటున్నాను.

"అన్నీ అంతేనా? ఒక్కటైనా ఆమెది ఉండదా?" నా గొంతు నాకే దీనంగా వినపడింది.

"ఉండొచ్చు అన్నా. ఏవో ఎవరు చెప్పగలరు?"

కాఫీ పొడి కూడా వెయ్యి అన్నది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు.

మస్తాన్ వెళ్లాడు. గంగరత్న వచ్చింది. చెప్పాను. తిడుతుందనుకున్నాను, చేతిలో ఉన్న ప్రసాదం గట్టు మీద పెట్టింది.

"అయితే ఆపరేషనుకు ఒప్పుకున్నది ఎవరు బావా?" అంది.

అప్పటికి కుళ్లాయమ్మ మేలుకుంది. వైరు లేదని చూసుకుంది. నన్ను చూసింది. నేను మంచం పక్కన కూలబడ్డాను. తల దించుకుంటే, నా కళ్ల ముందే టవలు చుట్టిన ఆ ఇనుప పట్టీ ఉంది. దాని మీద ఆమె ఎడమ చెయ్యి ఉంది. ఉంగరమున్న వేలు లేచింది. టవలు మీద చప్పుడు లేకుండా పడింది. కాసేపాగింది. మళ్లీ లేచి మళ్లీ పడింది.

ఒకటి. ఆగడం. ఒకటి.

అదురుడైతే అంత లెక్కగా ఉంటుందా? పళ్లతో దారం కొరికి టవలు పీకేశాను.

టక్.

ఒక్క బెల్లు.

నెల కావస్తోంది ఆమె ఆ బెల్లు కొట్టడం మొదలుపెట్టి. చాప నిండా కూర్చున్న జనం ముందు ఆ పెట్టె ఆమె గొంతుతో వాగుతుంటే కొట్టింది. డాక్టరుకు ధైర్యంగా ఉందని చెబుతున్నప్పుడు కొట్టింది. ఆపు, ఆపు అని. నా చెవి పక్కనే కొట్టింది. నేనేమో గంటకు గుడ్డ చుట్టాను. డిపోలో అంత గొప్ప చెప్పుకున్న డ్రైవరును.

"కుళ్లాయమ్మా, నువ్వు కొట్టింది బెల్లేనా?"

టక్ టక్.

ఆ రెండు బెల్లులు విని గంగరత్న కొంగు నోట్లో కుక్కుకుంది. నేను అడగాల్సింది ఇంకోటి ఉంది. అడగాలని లేదు. జవాబు తెలుసు, అందుకే అడగాలని లేదు. ఆమె చెయ్యి లేస్తుందని, మళ్లీ వంటింట్లో గిన్నెలు విసిరేస్తుందని నేను కట్టుకున్న ఆశ అంతా ఆ వేలి కింద ఉంది.

"గురువారం బెంగుళూరికి పోదామా? ఆపరేషను చేయిస్తామా?"

ఆమె నా కళ్లలోకి చూస్తూ వేలు ఎత్తింది. మెల్లగా, పొరపాటు పడే వీలు లేకుండా, ఒక్కసారి కొట్టింది. తర్వాత ఆ వేలిని పట్టీ మీద నుంచి పక్కకు జరిపింది.

ఎందుకు అని డ్రైవరు అడగకూడదు. ముందు ఆపాలి. డాక్టరుకు ఫోను చేసి రావడం లేదన్నాను. ఆయన కోప్పడ్డాడు, మొన్న ఆమే చెప్పింది కదా అన్నాడు. అది ఆమె కాదు సార్, నేనే మాట్లాడింది అన్నాను. ఆయనకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. కారు వద్దన్నాను. సర్దిన బట్టలు గంగరత్న మళ్లీ బీరువాలో పెట్టింది.

మరునాడు పొద్దున మస్తాన్ వచ్చి పెట్టెను కంపెనీ ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేశాడు. క్లాక్ కిందికి, ఓల్టేజి కిందికి, నేర్చుకున్నదంతా తుడిచేశాడు, లాకు వేశాడు. ఆ తర్వాత ఆమె నుంచి తీసేసిన వైరు అలాగే పక్కన పెట్టి, పగలూ రేయీ టెస్టు ఆడించాడు. ఈసారి ఎవరం ఎదురుచెప్పలేదు. ఆ రోజంతా మా ఇంట్లో మాట్లాడింది ఉంగరం ఒక్కటే. అన్నం కలపనా అంటే రెండు. కారం వెయ్యనా అంటే రెండు. నేను ఏదో క్షమాపణ లాంటిది మొదలుపెడితే ఒకటి.

టెస్టులో ఒక్క ఎర్ర గీత కూడా పడలేదు. కూలరును మంచం పక్కకు జరిపాను. చెవి వెనక వైరు తగిలించాను. గంగరత్న ఊరికి ప్రయాణమైంది, అక్క నుదుటి మీద ముద్దు పెట్టి, నా వైపు చూడకుండానే "పోయొస్తా బావా" అంది. నాకు తగిందే అది.

ఇద్దరమే మిగిలాం. పెట్టెలో ఫ్యాను తిరగడం మొదలైంది. అంటే ఆమె ఏదో అంటోంది.

నేను కూర్చున్నాను. వీధిలో ఉప్పు బండివాడు అరుచుకుంటూ పోయాడు. ఎదురింట్లో కుక్కరు కూత పెట్టింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ నిశ్శబ్దం నేను తట్టుకోలేను, ఎప్పుడూ తట్టుకోలేదు, అసలీ గొడవంతా దాని వల్లే.

"కోపంగా ఉందా నీకు? ఉంటుందిలే. నేనేమనుకున్నానంటే..."

టక్.

నోరు మూసుకున్నాను.

ఇంకో కుక్కరు కూత అయ్యాక పెట్టె పలికింది. ఒక్కో మాటకు మధ్య ఒక మనిషి బస్సు దిగి పోయేంత ఎడం ఉంది.

"ఉన్నవి... నాలుగు మాటలే... ఉండనీ. నావి."

నేను తల ఊపాను. కళ్లు తుడుచుకున్నాను. దానికి ఏం చెప్పాలన్నా చెప్పకుండా పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను మళ్లీ అందుకుంది. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాను. వచ్చి కూర్చున్నాక కూడా ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఆపమని... బెల్లు కొడితే..." అంది పెట్టె. ఆగింది. చాలాసేపాగింది. "ఎన్ని స్టేజీలు... దాటించినావు... డ్రైవరూ?"

నవ్వొచ్చింది నాకు. నెల రోజులుగా చాప నిండా జనంతో నవ్విన నవ్వు కాదిది, ఛాతీలో నొప్పి పెట్టింది. ఆమె పెదవి ఎడమ మూల కొంచెం లేచింది. ఆ మూల లేస్తే ఇంకో దెబ్బ తయారవుతోందని అర్థం. జవాబు చెప్పబోయి, ఆగాను. ఆమె మాట అయిపోలేదేమో.

చేతులు ఒళ్లో పెట్టుకుని, పెట్టె వైపు కాకుండా ఆమె వైపు చూస్తూ కూర్చున్నాను.

అయిపోలేదు.